చివరి మాట వెనక వస్తోంది

ఇరవై ఏడేళ్ళుగా నాకొక సందేహం ఉంది. ఒక మనిషి పోయిన కబురు చెప్పడానికి నోరు తెరిచి, పేరు చెప్పి, ఊరు చెప్పి, రోజు చెప్పి, చివరి మాట మాత్రం ఇంకా అనకుండా ఉన్న ఆ కాసేపూ, ఆ మనిషి ఉన్నట్టా, లేనట్టా?

నాది రైల్వే వర్క్‌షాపులో హాజరు గుమాస్తా ఉద్యోగం. రిటైరై పన్నెండేళ్ళయింది. ఖరగ్‌పూర్‌లో మా శ్రీకాకుళం వాళ్ళుండే వీధిలో ఆ రోజుల్లో ఎస్సెల్సీ దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఊళ్ళ నుంచి ఎవరికి టెలిగ్రాం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. "కూర్మారావు బావూ, ఇందులో ఏటుందో చూడు" అనేవారు.

టెలిగ్రాం ఇంగ్లీషులో ఉండేది. ఇంగ్లీషులో రెండో మాటకే మనిషి పోతాడు. 'ఫాదర్ ఎక్స్‌పైర్డ్' అని ఉంటుంది. నా కళ్ళు అక్కడికి వెళ్ళేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అప్పుడు తలెత్తి, ఎదురుగా నిలబడ్డవాళ్ళ మొహం చూసి, తెలుగులో మొదలుపెట్టేవాణ్ణి. తెలుగులో పోవడం చివర వస్తుంది. అంతవరకూ కొంత దారి ఉంటుంది. మీ నాన్న అంటాం, మొన్న అంటాం, పొలం నుంచి వస్తూ అంటాం. ఆ కాస్త దూరమూ పోయినాయన నా పక్కనే నడుస్తున్నట్టు ఉండేది.

ఒకసారి మా పురోహితుణ్ణి అడిగాను. "పూజకి ముందు సంకల్పం చెప్పిస్తారు కదండీ. ద్వీపం పేరు, నది పేరు, సంవత్సరం, తిథి, గోత్రం, నా పేరు అన్నీ చెప్పి చిట్టచివర చేస్తున్నానని అంటాం. దేవుడు కూడా అందాకా ఆగుతాడా?"

"దేవుడు ఆగుతాడు. నువ్వే ఆగలేవు," అన్నారాయన.

ఆ జవాబు నాకు సరిపోలేదు.

ఈ రోజు పొద్దున్న పూజ ముగించి లేస్తుంటే మా ఇంటికి టెలిగ్రాం వస్తుంది. టెలిగ్రాములు ఎత్తేసి ఏడాది దాటింది. అయినా గుమ్మంలో ముసలి బంట్రోతు ఖాకీ బట్టలతో ఉన్నాడు. సైకిలు గోడకి చేరేశాడు. సంతకానికి కాగితం చాపుతున్నాడు. నేను సంతకం పెడుతున్నాను.

టెలిగ్రాం తెలుగులో ఉంది. "ఈ రోజు పొద్దు కూకేలోగా గున్నమ్మని" అని ఉంది. అంతే ఉంది.

గున్నమ్మ నా భార్య.

"చివరి మాట లేదే," అంటాను.

"వెనక వస్తోందండి. దానికి సైకిలు ఇవ్వలేదు. నడిచి వస్తోంది."

"ఎక్కడి దాకా వచ్చింది?"

"నారాయణ్‌గఢ్ స్టేషను దాటిందని చెప్పారు. ఎండగా ఉంది కదండీ, నిదానంగా వస్తుంది." అతను మెట్టు మీద కూర్చుని తలపాగా విప్పి మెడ తుడుచుకుంటాడు. చివరి మాట వచ్చేదాకా అతను వెళ్ళకూడదట. అది వాళ్ళ నిబంధన.

వంటింట్లోంచి గున్నమ్మ కేకేస్తుంది. "ఏటయ్యా అది?"

"టెలిగ్రాం. నీ గురించే."

"నన్నేటి చేస్తారట?"

"ఆ మాట ఇంకా రాలేదు."

"ఈ వయసులో నన్ను చేసీదేటుంది? పెళ్ళి ఒకపాలి చేసీసినారు. ఆ మాటొస్తే కూకోమను. వంకాయ మాడిపోతంది నాకు."

ఆమె గొంతు కొంచెం ఆలస్యంగా వస్తోంది. అది నేను గమనిస్తాను.

మాది మూడు గదుల ఇల్లు. ముందుగదిలో దేవుడి మూల, తరవాత నడిమిగది, చివర వంటిల్లు. ఒకదాని వెనక ఒకటి. పూజయ్యాక కేశవ నామాలు చెప్పుకుంటూ వంటింటికి నడవడం నా అలవాటు. కేశవ, నారాయణ, మాధవ, గోవింద అనేసరికి వంటింటి గడప వస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా గోవింద దగ్గరే వస్తోంది.

ఈ రోజు గోవింద దగ్గర నడిమిగదిలో నాలుగో వంతు కూడా కాలేదు. దామోదర దాకా వెళతాను. అవి పన్నెండు. ఇంకా గోడలే ఉన్నాయి. గోడకి కొట్టిన మేకుకీ మేకుకీ మధ్య దూరం పెరిగింది. బట్టల దండెం సాగింది కానీ తెగలేదు. అటు చివర వంటింటి గుమ్మంలో గున్నమ్మ అరచేయంత కనిపిస్తోంది.

"ఇల్లు సాగుతోంది," అని అరుస్తాను.

కాసేపటికి జవాబు వస్తుంది. "సాగితే సాగనీ. మధ్యలో ఎవరికైనా అద్దెకిద్దాం."

నవ్వుతోందని తెలుస్తోంది. నవ్వు మాత్రం నా దాకా రాలేదు.

నేను వెనక్కి వస్తాను. వెనక్కి రావడానికి పన్నెండు నామాలు చాలలేదు. ఇది ఎందుకో నాకు అర్థమవుతుంది. ఆమె పేరు వచ్చేసింది, చివరి మాట రాలేదు. మధ్యలో ఎంత చోటు కావాలో ఇంటికి తెలియదు. అందుకని ఇల్లు సర్దుకుంటోంది.

ఆ మాట ఏమై ఉంటుందా అని ఆలోచిస్తాను. గున్నమ్మని చూస్తారు. గున్నమ్మని అడుగుతారు. గున్నమ్మని దీవిస్తారు. మంచి మాటలు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటే పెట్టి చూస్తాను. ప్రతిదీ సరిపోతోంది. అదే నాకు భయంగా ఉంది. ఏ మాటయినా సరిపోతోంది.

పక్కింట్లోంచి మిసెస్ రొజారియో పిలుస్తుంది. ఆమె మెయిలు బండి డ్రైవరు భార్య. ఆయన పోయి చాలాకాలమైంది. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడుతుంది. మాతో మా తెలుగే మాట్లాడుతుంది, అందులో తన ఇంగ్లీషు 'మేన్' ఒకటి కలిపి.

"కూర్మారావ్, లోపలికి రా మేన్. నువ్వు చదివినవాడివి. వీళ్ళకి చెప్పు."

దేవుడి దగ్గర తులసి దళం ఒకటి తీసి నాలుక కింద పెట్టుకుని వెళతాను. నోట్లో తులసి ఉన్నంతసేపు మాట్లాడకూడదని మా అమ్మ నేర్పింది. ఎందుకో ఈ రోజు నోటికి ఆ కాపలా ఉంటే మంచిదనిపిస్తోంది.

ఆమె ముందుగదిలో నలుగురు మనుషులు తెల్లబట్టలతో బల్ల మీద వరసగా కూర్చుని టీ తాగుతున్నారు. వాళ్ళ ముందు ఒక చెక్క కుర్చీ ఉంది. దానికి రెండు పక్కలా వెదురు బొంగులు కట్టి ఉన్నాయి, మోయడానికి. కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీలో శుభ్రంగా ఉతికిన దుప్పటి మడత పెట్టి ఉంది.

మిసెస్ రొజారియో తనకొచ్చిన టెలిగ్రాం నాకిస్తుంది. అది ఇంగ్లీషులో ఉంది. 'వాళ్ళు తీసుకుపోతారు' అన్నంతవరకూ ఉంది. ఎవరిని అన్నది లేదు.

"ఎవరిని అన్నది వెనక వస్తోందంట," అంటుంది ఆమె. "నాలుగోసారి టీ తాగుతున్నారు మేన్. ఈ ఇంట్లో నేనొక్కదాన్ని. నా పేరు నేను చెప్పను. పిల్లిని తీసుకుపొమ్మన్నాను. ఆ మాట పిల్లికి పట్టదంట."

వాళ్ళలో పెద్దవాడు కప్పు దించి నాకు నమస్కారం పెడతాడు. మర్యాదస్తుడిలా ఉన్నాడు.

"మాకు పని వచ్చేసిందండి," అంటాడు. "మనిషి రాలేదు."

మా ఇంట్లో మనిషి వచ్చింది, పని రాలేదు. ఆ మాట నేను అనను. కానీ ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు టెలిగ్రాములు తెలుగులో చెప్పినవాణ్ణి. కళ్ళతో ఇంగ్లీషు చూస్తే చాలు, నాలుక తెలుగు కట్టుకుంటుంది. నేను వద్దన్నా వినదు. నాలుక కింద తులసి దళం వేడెక్కుతోంది. ముందు ఈ రోజు, తరవాత పొద్దు కూకేలోగా, తరవాత పేరు, తరవాత ఆ పని. నాలుగూ వరసలో వచ్చి పళ్ళ వెనక నిలబడతాయి.

పెదవులు బిగించుకుంటాను.

"ఈయనకి తెలుసు," అంటాడు రెండోవాడు.

"తెలుసు," అంటాడు మూడోవాడు. "నోరు మూసుకున్న తీరు చూడు."

నలుగురూ కప్పులు తిరగేసి పెడతారు. కుర్చీ ఎత్తుతారు. నేను బయటికి వస్తుంటే వెనకే వస్తారు.

"తొందరేం లేదండి," అంటాడు పెద్దవాడు. "మీరు అన్నప్పుడే."

మా మెట్టు మీద బంట్రోతు అలాగే కూర్చుని ఉన్నాడు. ఎండ అప్పుడే వాలుతోంది. నేను తులసి దళం మింగేస్తాను. ఇతన్ని అడగాలి.

"ఆ చివరి మాటని దారిలో ఆపడానికి వీల్లేదా?"

"లేదండి. కానీ అది మీ ఇంటికే ఎందుకు వస్తోందో చెప్పగలను. ఈ ఇంట్లో ఒక చివరి మాట చోటు ఖాళీగా ఉంది. ఇరవై ఏడేళ్ళ నుంచీ ఉంది. ఖాళీ ఎక్కడుంటే మాట అక్కడికి నడుస్తుంది."

"ఎవరికి చెప్పవలసింది?"

"మీకు తెలుసు కదండీ," అంటాడు. "దాలమ్మ గారికి."

నాకు తెలుసు. దాలమ్మ మా వెనక వీధిలో ఉండేది. వర్క్‌షాపు క్యాంటీనులో గిన్నెలు తోమేది. ఇరవై ఏడేళ్ళ కింద ఒక మధ్యాహ్నం టెలిగ్రాం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. 'మదర్ ఎక్స్‌పైర్డ్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ' అని ఉంది.

మా వాళ్ళలో టెలిగ్రాం చదివినవాడు ఆడవాళ్ళతో ఆ మాట అనకూడదు. ఒంట్లో బాగులేదట, బయల్దేరి రమ్మన్నారు అనాలి. వినేవాళ్ళకి తెలిసిపోతుంది. తెలిసీ తెలియనట్టే రైలెక్కుతారు. ఊళ్ళో దిగాక, గుమ్మం ముందు, ఎవరో ఒక ఆడమనిషి ఎదురొచ్చి ఆ మాట అంటుంది. నేనూ అలాగే అన్నాను. మీ అమ్మకి ఒంట్లో బాగులేదట దాలమ్మా, అన్నాను.

అందరూ అక్కడితో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోతారు. దాలమ్మ వెళ్ళలేదు. నా మొహంలోకి చూసి, "ఉందా బావు?" అని అడిగింది.

"ఉంది," అన్నాను.

అది అబద్ధమని నేను అనుకోలేదు. వాక్యం చివర ఒక మాట మార్చాను, అంతే అనుకున్నాను. ఆమె గోలు బజారుకి వెళ్ళి అమ్మ కోసం ఒక హార్లిక్స్ సీసా కొని రైలెక్కింది. వాళ్ళ ఊరికి దిగే స్టేషను పలాసలో దిగలేదు. వాళ్ళ అన్న ఉత్తరం రాశాడు, వెతికారు, పోలీసులకి చెప్పారు. ఆమె గురించి మళ్ళీ ఏ టెలిగ్రామూ రాలేదు.

"ఎక్కడుంది ఆమె?" అని అడుగుతాను.

"ఎక్కడుంటుంది? మీరు ఆపిన చోటే. పేరుకీ చివరి మాటకీ మధ్యన." బంట్రోతు బొటనవేలితో మా నడిమిగది వైపు చూపిస్తాడు. "వెళితే ఇప్పుడే వెళ్ళండి. హిజిలీ చేరిందని కబురు."

హిజిలీ అంటే మా పక్క స్టేషనే.

నేను నడిమిగదిలోకి నడుస్తాను. వెనక నలుగురూ కుర్చీ మోసుకుని వస్తున్నారు. కేశవ నామాలు ఇరవై నాలుగూ అయిపోతాయి. మళ్ళీ మొదలుపెడతాను. గున్నమ్మ బియ్యం డబ్బా దాటుతాను. మా పెళ్ళినాటి ట్రంకుపెట్టె దాటుతాను. ఆ తరవాత మా సామాను లేదు. గోడలకి కిటికీలు ఉన్నాయి, కిటికీలకి అడ్డంగా ఇనుప ఊచలు ఉన్నాయి. గోడ వెంట చెక్క బల్లలు ఉన్నాయి. నేల కొద్దిగా ఊగుతోంది. కిటికీ బయట జీడితోటలు నిలబడి ఉన్నాయి. అవి కదలడం లేదు. మేమూ కదలడం లేదు. ఊగడం మాత్రం ఉంది.

మూడోసారి దామోదర దగ్గర దాలమ్మ కనిపిస్తుంది. కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఒళ్ళో హార్లిక్స్ సీసా ఉంది. మూత విప్పలేదు. ఆ రోజు కట్టిన ఆకుపచ్చ నూలుచీరే కట్టుకుంది. నాకు డెబ్భై దాటాయి. ఆమెకి ఇంకా ముప్ఫై రెండే.

"వచ్చినావా బావు?" అంటుంది. "ముసిలోడివైపోనావే. పలాస ఇంకా రాలేదేటి?"

"రాలేదు."

"ఎన్నిమార్లు అడిగినా వచ్చేత్తంది అంటన్నారు. ఈ బండికి ఏటైంది? మా అమ్మ ఎదురు చూత్తుంటాది."

కూర్చోమని బల్ల మీద చోటు చూపిస్తుంది. నేను కూర్చోను. ఆ కబురు చెప్పేవాడు కూర్చోకూడదు. నలుగురూ నా వెనక ఆగుతారు. కుర్చీ నేల మీద పెట్టరు. ఎత్తి పట్టుకునే ఉన్నారు.

"దాలమ్మా," అంటాను. "ఆ రోజు టెలిగ్రాం వచ్చింది కదా."

"వచ్చింది."

"పలాస దగ్గర మీ ఊరి నుంచి."

"అవును."

"బుధవారం ఉదయం."

నేను ఒక్కొక్క మాట కలుపుతుంటే రైలుపెట్టె ఒక్కొక్క కిటికీ చొప్పున సాగుతోంది. అది చూస్తున్నాను. అయినా మాటలు కలుపుతూనే ఉన్నాను. ఇంగ్లీషులో అయితే ఈపాటికి అయిపోయేది. కానీ ఇంగ్లీషులో చెబితే ఆమెకి అందదు. అందని భాషలో చెప్పింది చెప్పినట్టు కాదు. దేవుడా, ఈ మాటకి మా భాషలో అడ్డదారి ఎందుకు పెట్టలేదు?

వెనక ఎక్కడో దూరాన బంట్రోతు కేక వినిపిస్తుంది. "వీధి మొదటికి వచ్చేసిందండీ!"

"మీ అమ్మ," అంటాను.

నా వెనక పెద్దవాడు నిట్టూరుస్తాడు. "అదీ. మనిషి వచ్చింది," అంటాడు.

కుర్చీ కిర్రుమంటుంది. తిరిగి చూస్తాను. కుర్చీలో ఒక ముసలామె కూర్చుని ఉంది. దుప్పటి మోకాళ్ళ మీద కప్పుకుంది. తడి జుట్టు భుజాల మీద అతుక్కుని ఉంది. ఆమెని నేను ఎప్పుడూ చూడలేదు. కానీ దాలమ్మ చెవులే ఆమెకీ ఉన్నాయి, అదే సాగిన తమ్మెలు.

"నువ్వేనా బాబూ ఆ చదివినోడివి?" అంటుంది ముసలామె. "నువ్వు ఉందన్నావు. నీ నోటిమాట మీద ఉన్నాను. తినడానికి లేదు, తొంగోడానికి లేదు. ఉండడం ఒక్కటే. ఇంకెన్నాళ్ళు?"

నా సందేహానికి జవాబు ఇదే కాబోలు. ఇలా వస్తుందని అనుకోలేదు. నేను ఆమెకి దణ్ణం పెడతాను.

దాలమ్మ అమ్మ వైపు చూడడం లేదు. నా వైపే చూస్తోంది. ఆ మొహం మళ్ళీ అలాగే ఉంది. నా నాలుకకి పాత దారే తెలుసు. ఉంది, ఉంది, అని అటే లాగుతోంది. ఉంది అంటే ఆమె రేపటికి కూడా ఈ కిటికీ దగ్గరే కూర్చుంటుంది, సీసా మూత విప్పకుండా. ముసలామె ఈ కుర్చీలోంచి లేచిపోతుంది. అప్పుడు ఈ నలుగురికీ మళ్ళీ ఎవరో ఒకరు కావాలి. పేరు ఒకటి మా ఇంట్లో సిద్ధంగా ఉంది.

"అను బావు," అంటుంది దాలమ్మ. "నువ్వా కాగితం మడత పెట్టిన తీరుకే నాకు తెలిసిపోయింది."

"తెలిస్తే ఎందుకు అడిగావు?"

"నువ్వు అంటే ఏడుద్దారని. నువ్వేమో ఉందన్నావు. ఉన్నమనిషికి ఎలాగ ఏడుత్తాం?"

ఆమె సీసాని రెండు చేతులతో పట్టుకుంటుంది.

"పోయింది," అంటాను.

అది చాలా చిన్న మాట. నోట్లోంచి బయటికి వచ్చి బల్ల మీద పడుతుంది. ఒలిచిన చింతగింజంత ఉంది. ఇన్నాళ్ళూ అది నా లోపల ఎక్కడ ఉందో నాకు తెలియదు. ఇప్పుడు ఆ చోటు చల్లగా ఉంది.

కుర్చీలో ముసలామె, "అమ్మయ్య," అని కళ్ళు మూసుకుంటుంది.

దాలమ్మ ఏడవదు. చుట్టూ చూస్తుంది. "ఒక్కదాన్నీ ఎలాగ ఏడవను బావు? పట్టుకోడానికి ఆడకూతురు ఉండాల గదా. గున్నమ్మని పిలు."

దూరాన బంట్రోతు పెన్సిలు గీసిన చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తుంది. "చివరి మాట అందిందండీ," అని అరుస్తాడు. "పిలు! పిలు అని ఉంది!" తరవాత సైకిలు గంట మోగుతుంది. అతని పని అయిపోయింది.

నేను గున్నమ్మని పిలుస్తాను. నాలుగడుగుల్లో వస్తుంది. వంటింటి గడప నా పక్కనే ఉంది. కిటికీలు లేవు, జీడితోటలు లేవు. దండేనికి నా పంచె వేలాడుతోంది. గున్నమ్మ చేతికి వంకాయ కూర అంటి ఉంది. చెంగుకి తుడుచుకుంటూ దాలమ్మని చూస్తుంది.

"ఓలమ్మా దాలమ్మా! ఇదేటే, ఇలాగ చిక్కిపోనావు!" అని పక్కన కూలబడి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేస్తుంది.

అప్పుడు దాలమ్మ ఏడుస్తుంది.

"ఎల్లిపోనావా అమ్మా," అని మొదలుపెడుతుంది. "ఎల్లిపోనావా తల్లీ. ఒగ్గీసినావా నన్ను. చూడకండా ఎల్లిపోనావా నీ కూతుర్ని."

డెబ్భై ఏళ్ళుగా ఈ ఏడుపులు వింటున్నాను. ఈ రోజే గమనిస్తున్నాను. ఏడుపులో మావాళ్ళు చివరి మాట ముందు అంటారు. ఎవరు, ఎవరిని అన్నవి దాని వెనక వస్తాయి, మిసెస్ రొజారియో ఇంట్లో వచ్చినట్టు. ఇంత నిదానమైన భాష దుఃఖంలో ఇలా వెనక్కి తిరుగుతుందని ఎవరూ నాకు చెప్పలేదు.

భాష తిరిగితే ఇల్లు కూడా తిరుగుతుంది. వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడు వినిపిస్తుంది. తరవాత గిన్నె పడుతుంది. దేవుడి మూల పొగ లేస్తుంది. తరవాత దీపం ఆరుతుంది. వీధి తలుపు తెరుచుకుంటుంది. ఎవరో వచ్చి తలుపు తట్టడం ఆ తరవాత వినిపిస్తుంది. నా చెంప తడిగా ఉంది. నాకు ఏడుపు ఇంకా రాలేదు.

నలుగురూ కుర్చీ భుజాలకెత్తుతారు. పెరటి గుమ్మం వైపు తిరుగుతారు. ముసలామె తల ఒక పక్కకి వాలి ఉంది.

నాకొకటి గుర్తుకొస్తుంది. చావు కబురు చెప్పిన మగవాడు నాలుగడుగులైనా మోసి సాగనంపాలని మా ఆచారం. చెప్పిన నోటి దోషం ఆ నాలుగడుగులతో పోతుందంటారు. ఆ రోజు నేను డ్యూటీ ఉందని ఊరు వెళ్ళలేదు. ఈ ముసలామెకి నేను నాలుగడుగులు బాకీ.

"ఒక కొమ్ము నాకివ్వండి," అంటాను.

పెద్దవాడు పక్కకి తప్పుకుంటాడు. వెదురు నా భుజం మీదికి వస్తుంది. బరువు లేదు. తడి మాత్రం తెలుస్తోంది.

పెరటి గుమ్మం దాటుతాం. పెరడు లేదు. జామచెట్టు లేదు, గోడ లేదు, పట్టాలు లేవు. కనుచూపు మేర తడి ఇసుక ఉంది. పొద్దు ఇసుక అంచుకి ఆని ఉంది.

ఇసుకలో నా అడుగులు ముందే పడి ఉన్నాయి. నేను ఇంకా కాలు పెట్టలేదు. నాలుగు అడుగులు, ఎడమది లోపలికి తిరిగి, నా నడక ఎలా ఉంటుందో అలాగే ఉన్నాయి. నేను చేయవలసిందల్లా వాటిలో కాలు పెట్టడమే. మొదటిదాంట్లో పెడతాను. సరిగ్గా సరిపోతుంది. రెండోదాంట్లో పెడతాను. వెనక ఇంట్లో ఇద్దరి ఏడుపూ కలిసి ఒకటిగా వినిపిస్తోంది. మూడోదాంట్లో పెడతాను.

నాలుగో అడుగు అవతల ఇంకా అడుగులు ఉన్నాయి. అవి నావి కావు. చిన్నవి. వేళ్ళు విడివిడిగా, మడమ కొద్దిగా ఈడ్చినట్టు ఉన్నాయి. వాటిని నేను ఎరుగుదును. రోజూ వంటింటి తడి నేల మీద చూసేవే. పొద్దు వైపు తిన్నగా వెళుతున్నాయి. నీళ్ళు ఇంకా ఊరుతున్నాయి వాటిలో. వాటిలో కాలు పెట్టవలసిన మనిషి లోపల దాలమ్మని పట్టుకుని కూర్చుని ఉంది.

నాలుగో అడుగులో కాలు పెడతాను. వెదురు కొమ్ము పెద్దవాడి భుజానికి అందిస్తాను. ముసలామెకి నా బాకీ తీరింది.